తార్కిక కృత్రిమభాషలో సంయోజకాలు: మడకశిర సరిహద్దు భాషతో ఒక పోలిక

తర్కాన్నే వ్యాకరణంగా మలచిన భాష ఒకటి నిర్మించాలని 1955లో అమెరికాలోని ఫ్లోరిడాలో జేమ్స్ కుక్ బ్రౌన్ పూనుకొన్నాడు. భాష మనిషి ఆలోచనను నిర్దేశిస్తుందన్న సపీర్–వోర్ఫ్ ప్రతిపాదనను పరీక్షించడం అతని ఉద్దేశం. ఆ భాష పేరు లాగ్లాన్. దాని నుండి విడివడిన వర్గం 1987లో లోజ్‌బాన్‌ను చేపట్టింది. రెండింటిలోనూ ప్రధాన సంయోజకాలు నాలుగు అచ్చులే. రెండూ నిజం కావలసినది ‘ఎ’. ఒక్కటైనా నిజమైతే చాలునన్నది ‘అ’. రెండూ నిజమో రెండూ అబద్ధమో కావలసినది ‘ఒ’. రెండవదానితో నిమిత్తం లేనిది ‘ఉ’. ఏది అని అడగడానికి లోజ్‌బాన్‌లో ‘జి’ అనే వేరొక పదం ఉంది.

ఇంత ప్రయత్నంతో సాధించిన విభజనలో అధికభాగం మడకశిర ప్రాంతపు నిత్యవ్యవహారంలో కనిపిస్తుంది. నొళంబ పల్లవుల రాజధాని హెంజేరు (నేటి హేమావతి) ఉన్న ఈ ప్రాంతంలో తెలుగు, కన్నడాలు కలిసి బతుకుతున్నాయి. ‘అన్నా తమ్ముడూ’ అంటే కన్నడంలో ‘అణ్ణనూ తమ్మనూ’; ‘ఈపొద్దో రేపో’ అంటే ‘ఇవత్తో నాళెయో’. సంయోజకం రెండు పదాల నడుమ నిలవదు, ప్రతి పదానికీ చివర చేరుతుంది. ‘కాఫీయా, టీయా?’ అన్నది ‘జి’ చేసే పని. ‘కాఫీ గానీ టీ గానీ’ అన్నది ‘అ’. ‘వాన వచ్చినా రాకున్నా వస్తాను’ అన్నది ‘ఉ’. ‘ఓ’ మాత్రం తర్కపు చట్రంలో ఇమడదు. అది వికల్పంతోపాటు వక్త సందేహాన్ని కూడా మోస్తుంది.

ఈ సూక్ష్మభేదాలను మన కార్యాలయ భాష ‘మరియు’, ‘లేదా’ అనే రెండు మాటలకు కుదించింది. ‘మఱియు’ కొత్త మాట కాదు. కావ్యవచనాల్లో ‘అంతేకాక’ అనే అర్థంలో వాక్యాన్ని ఎత్తుకొనేది. నామాల నడుమ దాని నేటి విస్తృతి ఆంగ్లానువాద ఫలితమని నా అభిప్రాయం. ‘వితంతువులు మరియు ఒంటరి మహిళలు అర్హులు’ అన్న వాక్యం రెండు లక్షణాలూ ఒకరిలోనే ఉండాలన్న అపార్థానికి చోటిస్తుంది. ‘వితంతువులూ ఒంటరి మహిళలూ’ అన్నప్పుడు ఆ చోటు బాగా తగ్గుతుంది, దీర్ఘం ఏ వర్గానికి ఆ వర్గాన్ని విడిగా పట్టుకొంటుంది గనుక. ‘ఆధార్ లేదా రేషన్ కార్డు’ అన్నచోట రెండూ తెచ్చినవారికి కలిగే సంకోచం ‘ఆధార్ గానీ రేషన్ కార్డు గానీ’ అన్నచోట కలగదు. పింఛను దరఖాస్తుదారుకు ఇది వ్యాకరణ చర్చ కాదు.

అన్నీ మనకున్నాయనడం మాత్రం అతిశయోక్తి. ‘ఒ’కు తెలుగులో ప్రత్యయం లేదు, గణితగ్రంథాలు అక్కడ ‘ఆవశ్యక పర్యాప్త నియమం’ అనే సంస్కృత పదబంధాన్ని ఆశ్రయించవలసి వచ్చింది.