తామరకు ఇండియా క్రీమా?

అల్ఫారెట్టాలో మా ఇంట్లోనూ ఇండియా నుంచి తెచ్చిన క్రీముల డబ్బా ఉంది. తామర వస్తే నేనూ అదే రాశాను. దురద తగ్గింది, మచ్చ మాత్రం పెద్దదైంది. అందులో క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ ఉంది. అది ఎర్రదనాన్ని అణుస్తుంది, ఫంగస్‌ను పెరగనిస్తుంది.

మనకు దగ్గర్లోనే, అట్లాంటాలో ఉన్న సీడీసీ, 2023 మేలో న్యూయార్క్‌లో ఇద్దరు మహిళలకు సోకిన మొండి తామర గురించి ప్రకటించింది. కారణం ట్రైకోఫైటాన్ ఇండోటినియే. ఇది దక్షిణాసియాలో బాగా వ్యాపించింది. మామూలుగా ఇచ్చే టెర్బినఫిన్ ఇద్దరికీ పనిచేయలేదు. ఒకరికి నాలుగు వారాల ఇట్రాకొనజోల్‌తో నయమైంది.

చర్మం గీకి చేసే కేఓహెచ్ పరీక్షలో ఫంగస్ ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఏ రకమో తేల్చాలంటే జన్యు పరీక్ష కావాలి. స్టెరాయిడ్ రాస్తే తామర రూపమే మారి, ఎగ్జిమా అని పొరబడవచ్చు. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ ట్యూబు కూడా పట్టుకెళ్ళండి.