ప్రగతిని కొలిచేది ఎలా? ఆదిత్యపూర్ నుంచి ఒక పరిశీలన

ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నగరానికి, ఆదిత్యపూర్ పట్టణానికి నడుమ ఖర్కాయీ నది ప్రవహిస్తుంది. సరాయ్‌కేలా-ఖర్సావా జిల్లాకు చెందిన ఆదిత్యపూర్‌లో వెయ్యికి పైగా చిన్న, మధ్యతరహా పరిశ్రమలు నెలకొన్నాయి. వీటి కోసం 1972లో ప్రత్యేక పారిశ్రామిక ప్రాంత అభివృద్ధి సంస్థ ఏర్పాటైంది. వీటిలో అనేకం జంషెడ్‌పూర్‌లోని వాహన కర్మాగారానికి విడిభాగాలు అందిస్తాయి. 1960లో ప్రాంతీయ ఇంజనీరింగ్ విద్యాసంస్థగా మొదలై, 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ హోదా పొందిన కళాశాల కూడా ఇక్కడే ఉంది. అయితే కర్మాగారాలను, కళాశాలలను చూసి మాత్రమే ఒక ప్రాంతం లేదా వర్ధమాన దేశం పురోగమిస్తున్నదని నిర్ణయించలేము.

ఆదాయం: తొలి కొలమానం

ఒక ఏడాదిలో ఉత్పత్తి అయిన వస్తువుల, సేవల మొత్తం విలువే స్థూల దేశీయోత్పత్తి. దానిని జనాభాతో భాగిస్తే తలసరి సగటు వస్తుంది. ఆ సంపద ఎవరి చేతికి చేరిందో సగటు చెప్పదు. అది ఎంతకాలం నిలుస్తుందో కూడా చెప్పదు. 2019లో దేశవ్యాప్తంగా వాహన విక్రయాలు మందగించినప్పుడు ఆదిత్యపూర్‌లోని అనేక యూనిట్లలో పని తగ్గింది, కార్మికులు ఉపాధి కోల్పోయారు. ఒకే రంగంపై ఆధారపడిన ప్రగతికి ఉన్న బలహీనత అప్పుడు బయటపడింది.

మనిషి కేంద్రంగా లెక్క

ఈ లోపాన్ని సరిదిద్దేందుకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990లో మానవాభివృద్ధి సూచికను ప్రవేశపెట్టింది. దీని రూపకల్పనకు పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్ నాయకత్వం వహించగా, అమర్త్య సేన్ తోడ్పడ్డారు. ఆయుర్దాయం, విద్య, తలసరి ఆదాయం దీనికి ఆధారాలు.

భారతదేశంలో నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచికను రూపొందిస్తున్నది. ఆరోగ్యం, విద్య, జీవన ప్రమాణాలకు సంబంధించిన 12 అంశాలను ఇందులో లెక్కిస్తారు. దీని ప్రకారం 2015-16లో ఝార్ఖండ్ జనాభాలో 42.10 శాతం పేదలు కాగా, 2019-21 నాటికి ఆ వాటా 28.81 శాతానికి తగ్గింది. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో 11.77 నుంచి 6.06 శాతానికి, తెలంగాణలో 13.18 నుంచి 5.88 శాతానికి తగ్గింది. ఝార్ఖండ్ మెరుగుపడింది, కానీ ఇంకా చాలా వెనుకబడి ఉంది. ఈ రెండు మాటలూ నిజమే.

అంకెల వెనుక అంతరాలు

ఒక్క సూచికనే నమ్ముకుంటే కొన్ని లోపాలు కంటికి కనిపించవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఝార్ఖండ్‌లో వయసుకు తగిన ఎత్తు లేని అయిదేళ్లలోపు పిల్లల వాటా 45.3 నుంచి 39.6 శాతానికి తగ్గింది. అయితే 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత 65.2 శాతం నుంచి 65.3 శాతం వద్దనే నిలిచిపోయింది. పేదరిక సూచికలోని 12 అంశాలలో రక్తహీనత లేదు. 2011 జనగణన ప్రకారం రాష్ట్రంలో పురుషుల అక్షరాస్యత 76.84 శాతం, మహిళలది 55.42 శాతం. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందున ఆ పాత లెక్కలే ఇంకా ఆధారమవుతున్నాయి.

కాబట్టి ప్రగతిని అంచనా వేసేటప్పుడు నాలుగు ప్రశ్నలు అవసరం. కాలక్రమంలో మార్పు ఏ దిశగా ఉంది? ఫలితం స్త్రీలకు, గ్రామీణులకు, ఆదివాసులకు సమానంగా అందుతున్నదా? సంక్షోభం వచ్చినా అది నిలుస్తున్నదా? లెక్కలు తాజావేనా? వీటికి జవాబులు దొరికినప్పుడే నది ఒడ్డున మోగే కర్మాగారపు సైరన్‌కు, ఆ చుట్టుపక్కల ఇళ్లలోని జీవితానికి ఉన్న సంబంధం స్పష్టమవుతుంది.