హయిల్: ఒక హీబ్రూ మాట తెలుగులో నడచిన దారి

బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. నాగపూరునుండి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్సోల్ వరకు సాగిన దాని ప్రధాన మార్గము 1891లో పూర్తియైనది. మరి పది, పదునొకండేండ్లకు తూర్పుతీరమున వాల్తేరునుండి కటకము దిక్కునకు పోవు మార్గముకూడ ఆ కంపెనీ వశమైనది. 1931లో విజయనగరము-రాయపూరు మార్గము ముగిసినది. ఈ సంగతులను ఒకచోట చేర్చి చూచినచో అర్పానది ఒడ్డున నున్న బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలోనికి తెలుగు ఎట్లు వచ్చినదో వేరుగ చెప్పనక్కరలేదు. ఉత్తరాంధ్రమునుండి రైల్వే కొలువులకు పోయిన కుటుంబములు అక్కడనే నిలిచినవి. వారిలో క్రైస్తవులైనవారు వెంట తీసికొనిపోయిన గ్రంథము తెలుగు బైబిలు. ఆ గ్రంథముయొక్క తెలుగు జీవితము సయితము చాలవరకు విశాఖపట్టణముననే మొదలైనది కావున, మనుష్యులు పోయిన దారినే మాటలును పోయినవనవచ్చును.

రైల్వే పట్టణమనగా పలుభాషల కూడలి. బిలాస్‌పూర్‌లో డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ మిషనరీలు 1885లో పని ప్రారంభించిరి; ఆ ప్రాంతపు క్రైస్తవ సంఘముల భాష హిందీ. కంపెనీ కాలపు అధికారుల భాష, ఆంగ్లో-ఇండియనుల భాష ఇంగ్లీషు. తెలుగు ఇంటిలో తల్లి చదువు బైబిలు ఒకటి, పిల్లలు బడిభాషలో చదువుకొను బైబిలు మరియొకటి. ఇట్టిచోట సామెతల గ్రంథము ముప్పదియొకటవ అధ్యాయము పదియవ వచనము తెరచినచో ఒక విచిత్రము కనబడును. తెలుగు ప్రాతప్రతిలో ఆ స్త్రీ ‘గుణవతి’. హిందీలో ఆమె ‘భలీ’, అనగా మంచిది. 1611 నాటి ఇంగ్లీషు ప్రతిలో ఆమె ‘వర్చ్యువస్’, అనగా శీలవతి. మూడు భాషలును ఏకగ్రీవముగ ఆమె మంచితనమును చెప్పుచున్నవి. హీబ్రూ మూలము మాత్రము ఆమె బలమును చెప్పుచున్నది. అచ్చటి మాట ‘ఏషెత్ హయిల్’. ఏషెత్ అనగా స్త్రీ లేక భార్య. హయిల్ అనగా బలము.

బలమునకు హీబ్రూలో మాటలు కొఱతపడలేదు. ‘కోఅహ్’ కలదు, అది శరీరశక్తికి, కార్యశక్తికి సాధారణమైన పేరు. ‘గెబూరా’ కలదు, అది వీరుని పరాక్రమము. ‘ఓజ్’ కలదు, అది దుర్గమువంటి దృఢత్వము. (ఓజ్, ఓజస్సు అనువాని పోలిక చూచి చుట్టరికము కలుపువారు కలరు కాని, అది కాకతాళీయము, ఆ రెండు భాషలు వేర్వేరు కుటుంబములవి.) వీనియన్నిటిలో విశాలమైనది హయిల్. బైబిలులో రెండువందలకు మించినచోట్ల వచ్చు ఈ మాట దేహబలమును చెప్పును, సైన్యమును చెప్పును, ఐశ్వర్యమును చెప్పును, కార్యదక్షతను చెప్పును. నేటి హీబ్రూలోను సైనికుడు ‘హయాల్’, సైన్యవిభాగము ‘హయిల్’. అరబ్బీలోని ‘హౌల్’ దీని దాయాదియని పండితులు చెప్పుదురు. ఉర్దూ మాట్లాడువారి నోట విసుగునకు, ఆశ్చర్యమునకు వచ్చు ‘లాహౌల్’లోనిది ఆ మాటయే. సురియానిలో దీని తోబుట్టువు ‘హైలా’. కేరళలోని సురియాని సంఘములు దేవుని ముమ్మారు పరిశుద్ధుడని కీర్తించు ప్రార్థనలో ‘బలవంతుడు’ అను అర్థముతో నేటికిని పలుకు పదము ఈ ధాతువునుండి పుట్టినదే.

ఇన్ని అర్థములు ఒక మాటలో ఇముడుట తెలుగువానికి వింత కారాదు. అమరకోశము ‘బలము’ను సేనకు గల పేర్లలో చేర్చినది. చతురంగబలములనగా నాలుగు రకముల శక్తులు కావు, నాలుగంగముల సైన్యము. ధనబలము, జనబలము, భుజబలము అను వ్యవహారమును బట్టి చూచినను సంపద, మనుష్యులు, దేహము అను మూడింటిని ఆ ఒక్క పదమే మోయగలుగుచున్నది. బంధుజనమును ‘బలగము’ అనుటయు ఇట్టిదే. కావున హయిల్‌ను అందుకొనుటకు తెలుగునకు ఇతర భాషలకంటె ఎక్కువ వసతి కలదు. ఇంగ్లీషువానికి ఇట్టి ఒక్క మాట దొరకక చోటుకొక మాట వెదకుకొనవలసివచ్చినది. తెలుగు అనువాదకులకు ఆ ఇబ్బంది అంతగా లేదు. అయినను వారుకూడ చోటుకొక మాటనే వాడిరి.

చోటుకొక మాట వాడుట దోషము కాదు. నిర్గమకాండమున సముద్రములో మునిగిన ఫరో హయిల్‌ను ‘సేన’ అనిరి. వేరు దారి లేదు. మోషే ఎన్నుకొనవలసిన న్యాయాధిపతుల హయిల్ ‘సామర్థ్యము’ అయినది. ద్వితీయోపదేశకాండము ఎనిమిదవ అధ్యాయమున అది ‘భాగ్యము’. గానుగచాటున గోధుమలు దుళ్లగొట్టుచున్న గిద్యోనును దేవదూత పలుకరించిన పలుకులో అది పరాక్రమము, బలాఢ్యత. ఎనుబదినాలుగవ కీర్తనలోని యాత్రికులకు అది నానాటికి పెరుగు బలము. హబక్కూకు ప్రార్థనలో దేవుడే ప్రవక్తకు హయిల్, తెలుగున ‘బలము’. జెకర్యా గ్రంథమున హయిల్, కోఅహ్ జంటగా వచ్చినవి. అచ్చట హయిల్ ‘శక్తి’యై, కోఅహ్ ‘బలము’ అయినది. ఈ యెంపికలో వివేకము కలదు, చెవి కలదు. ప్రతిచోటను సందర్భము తూచి మాట వేసిన చేయి కనబడుచున్నది.

ఆ చేయి ఒక్కచోట వణకినది. ‘హయిల్ గల స్త్రీ’ అను పదబంధము బైబిలు మొత్తముమీద మూడుమారులే వచ్చును: సామెతలలో రెండుమారులు, రూతు గ్రంథమున ఒకమారు. సామెతలు పండ్రెండవ అధ్యాయమునను, రూతు గ్రంథమునను ఆమె ‘యోగ్యురాలు’. ముప్పదియొకటవ అధ్యాయమున ‘గుణవతి’. అంతవరకు సరిపెట్టుకొనవచ్చును. కాని అదే అధ్యాయము ఇరువదితొమ్మిదవ వచనమున భర్త ఆమెను పొగడుచు, అనేక స్త్రీలు ‘హయిల్ చేసిరి’ కాని ఆమె వారినందరిని మించినదనును. హయిల్ చేయుట అనునది హీబ్రూలో స్థిరపడిన పలుకుబడి. అరువదియవ కీర్తన చివర యుద్ధమునకు పోవు జనము దేవుని సాయముచేత తాము హయిల్ చేయుదుమని చెప్పుకొందురు. తెలుగు అనువాదము ‘శూరకార్యములు’ అనినది. చక్కని మాట. సామెతల ఈ వచనమున అదే క్రియకు, అదే నామమునకు తెలుగు అనువాదము వేసిన మాట ‘పతివ్రతాధర్మము’.

పురుషులు చేసిన హయిల్ శూరకార్యము. స్త్రీలు చేసిన హయిల్ పాతివ్రత్యము. హీబ్రూలో ఒక్క అక్షరము మారలేదు.

ఇది తెలుగువారే కల్పించినది కాదు. క్రీస్తునకు పూర్వపు శతాబ్దులలో గ్రీకు అనువాదకులు సామెతల స్త్రీని ‘అంద్రేయా’ అనిరి. పౌరుషము గలదని దాని అర్థము. రూతు గ్రంథమున ఆ పదబంధమునే శక్తిగల స్త్రీ అని తెనిగింపదగిన మాటలతో చెప్పిరి. జెరోము లాటిన్‌లో సామెతల స్త్రీని ‘ఫోర్తిస్’, బలవతి అనెను; రూతునకు ‘విర్తూస్’ అను మాట వాడెను. విర్తూస్ అను లాటిన్ మాటకు మూలము ‘విర్’, పురుషుడు. మొదట దాని అర్థము వీరత్వము. ఆ మాటయే ఇంగ్లీషునకు వచ్చి కాలక్రమమున మెత్తబడి, శీలమునకు, అందును స్త్రీవిషయమున దేహశీలమునకు పేరైనది. 1611 నాటి అనువాదకులు వాడినపుడు అందులో పాతబలము కొంత మిగిలియుండవచ్చును. తరువాతి పాఠకుల చెవికి అది చేరలేదు. యూదులు తమకొఱకు 1917లో ప్రచురించుకొన్న ఇంగ్లీషు ప్రతి మరల ‘శౌర్యము గల స్త్రీ’ అను అర్థమిచ్చు మాటకు వచ్చినది. హిందీ అనువాదమున ‘భలీ’ అను మాట పలుచనిదే కాని ఒక విషయమున అది తెలుగుకంటె మేలు: సామెతలలోని స్త్రీని, రూతును అదే మాటతో పిలిచి, రెండుచోట్ల ఉన్నది ఒకే పదమని పాఠకునికి తెలియనిచ్చినది. హిందీవారు ఇరువదితొమ్మిదవ వచనమున మంచి పనులు అనిరేగాని పాతివ్రత్యమనలేదు.

తెలుగున ఆ మాట ఎట్లు వచ్చియుండును? లండన్ మిషనుకు చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్టణము చేరి, ఆనందరాయరు సాయముతో అనువాదము ప్రారంభించిరి. 1812లో సేరంపూరున సువార్తలు కొన్ని అచ్చుపడునాటికి ఆ యిద్దరు దొరలును కీర్తిశేషులు. పందొమ్మిదవ శతాబ్దమున పాతనిబంధన పనిని అదే మిషనుకు చెందిన వార్డ్‌లా, జాన్ హే మొదలగువారు ముందుకు నడిపిరి. దొర హీబ్రూ ఎరుగును, ఇంగ్లీషు ప్రతి కంఠస్థము. సాయపడు పండితుడు కావ్యపురాణములు ఎరుగును. అట్టి యిద్దరి నడుమ మాట పుట్టునపుడు ‘వర్చ్యువస్’ అను ఇంగ్లీషునకు ‘గుణవతి’ సహజముగ దొరకును; అచ్చటినుండి పురాణస్త్రీల కథలవలన ‘పతివ్రత’ ఒక్క అడుగు దూరము. ఆ శతాబ్దమున స్త్రీవిద్యకొఱకు పాటుపడిన వీరేశలింగము పంతులే 1883లో స్త్రీలకు పెట్టిన పత్రికకు ‘సతీహితబోధిని’ అని పేరిడిరి. కాలము అట్టిది. అనువాదకుల నిజాయితీని శంకింప పనిలేదు. వారు స్త్రీని పొగడదలచిరి. తమ కాలమునకు తెలిసిన అత్యుత్తమమైన పొగడ్తను ఆమెకిచ్చిరి. అయినను పొగడ్త వేరు, అనువాదము వేరు.

ఇంతకు ఆ పద్యమున ఆ స్త్రీ చేయునది ఏమి? పద్యము హీబ్రూ అక్షరమాల వరుసను ఇరువదిరెండు వచనములుగ నడచును. ఆమె దూరమునుండి ఆహారము తెప్పించును. పొలమును చూచి కొనును. తన సంపాదనతో ద్రాక్షతోట నాటించును. నారబట్టలు నేయించి వర్తకులకు అమ్మును. బీదలకు చేయి చాపును. రాత్రి ఆమె దీపము ఆరదు. భర్త ఊరి గవినివద్ద పెద్దలతో కూర్చుండును. పద్యమున అతడు చేయు పని అదియు, భార్యను మెచ్చుకొనుటయు మాత్రమే. ఆమె భర్తయెడ నమ్మకముగ నుండుట అందులో లేకపోలేదు, కాని అది ఇరువదిరెండింట ఒక పాలు. మరియొక సంగతి. పదునొకండవ వచనమున భర్తకు కొఱతపడనిది ‘షాలాల్’ అని యున్నది. అది యుద్ధమున కొల్లగొట్టి తెచ్చిన సొమ్మునకు వాడు మాట. తెలుగున ‘లాభము’ అయినది. పదునైదవ వచనమున ఆమె ఇంటివారికిచ్చునది ‘తెరెఫ్’. సింహము తెచ్చు వేట వంటిది. తెలుగున ‘భోజనము’. ఇట్టి మాటలను పట్టుకొని అల్ వోల్టర్స్ అను పండితుడు 1988లో ఈ పద్యము వీరస్తుతి ఫక్కిలో రచింపబడినదని వాదించెను. ఆ వాదము మొత్తముగ ఒప్పుకొన్నను మానినను, ఇంటిని గూర్చిన పద్యమున కవి యుద్ధపు మాటలు కావలెనని వేసినాడనుటకు సందేహము లేదు. రైల్వే కాలనీలలో భర్త బండితోపాటు రేయింబవళ్లు బయట తిరుగుచుండగా, జీతపుటిల్లు ఈడ్చుకొనివచ్చిన ఆడువారికి ఈ వీరస్తుతి అర్థముకాకపోదు.

ఒక ఆక్షేపణ రావచ్చును. మోషే ఎన్నుకొన్న న్యాయాధిపతుల విషయమున హయిల్ కత్తిబలము కాదుగదా, నైతికమైన యోగ్యతగదా. స్త్రీవిషయమున ‘యోగ్యురాలు’ అనుట తప్పెట్లగును? ఆక్షేపణలో సారము కలదు. యోగ్యురాలు చెడ్డమాట కాదు. గుణవతికంటె ఎంతయో నయము. కాని ఆ న్యాయాధిపతులకు తెలుగు ‘సామర్థ్యము’ ఇచ్చినది, సుగుణము కాదు. అదే సామర్థ్యము ఈమెకును ఇయ్యవచ్చును. తెలుగు పల్లెలలో ఇంతకంటె మంచిమాట కలదు: ‘చేవ’. చెట్టు బెరడు, పైమాను దాటిన పిమ్మట లోపలనుండు గట్టికర్ర చేవ. చేవగల మనిషి అన్నపుడు దేహబలము, నిబ్బరము, పని నెగ్గించు నేర్పు ఒక్కసారిగ స్ఫురించును. ఆడుమగ తేడా ఆ మాటకు లేదు. గ్రంథభాషపై మోజు ఆ మాటను గడపలోనికి రానీయలేదు.

ఈ మార్పువలన మిక్కిలి నష్టపోయినది రూతు. ఆమె మోయాబు దేశపు విధవ. అత్తను విడువక పరదేశమునకు వచ్చి పరుల చేనిలో పరిగె ఏరుకొన్నది. రెండవ అధ్యాయము మొదట బోయజును కథకుడు ‘గిబ్బోర్ హయిల్’ అని పరిచయము చేయును. తెలుగున అతడు ‘ఆస్తిపరుడు’. మూడవ అధ్యాయమున రాత్రివేళ కళ్లమునొద్ద ఆ బోయజే రూతును ‘ఏషెత్ హయిల్’ అనును. తెలుగున ఆమె ‘యోగ్యురాలు’. నాలుగవ అధ్యాయమున పెద్దలు బోయజును దీవించుచు అతడు బేత్లెహేము సీమలో ‘హయిల్ చేయుగాక’ అందురు. తెలుగున అది ‘క్షేమాభివృద్ధి’. కథకుడు మూడు మేకులు కొట్టి కథను బిగించినాడు. భూమి, పంట, పేరు గల ఆ పురుషునకు ఏ మాట వాడెనో, చేతిలో పరిగె వెన్నులు తప్ప ఏమియు లేని ఈ పరదేశస్థురాలికి ఆ మాటయే వాడి, ఇద్దరు సరిజోడని ఊరంతటికి చాటించినాడు. ఆస్తిపరుడు, యోగ్యురాలు అను మాటలు విన్న తెలుగు పాఠకునకు తోచునది వేరు: ధనికుడొకడు దయతలచి ఒక మంచి పిల్లను చేపట్టినాడని.

1008 నాటి లెనిన్‌గ్రాడ్ ప్రతిలో, దానిని అనుసరించిన హీబ్రూ ముద్రణలలో, రూతు గ్రంథముండు చోటు న్యాయాధిపతుల తరువాత కాదు. సామెతల ముప్పదియొకటవ అధ్యాయము ముగియగనే రూతు కథ మొదలగును. ఏషెత్ హయిల్ ఎవరికి దొరకునని అడిగిన పద్యము ముగించి పుట త్రిప్పిన చదువరికి, కరవువలన దేశము విడిచిపోయిన ఒక కుటుంబమును, దాని కోడలును ఎదురగుదురు.