చివరి సెకను పాట

మా మానుకోటలో వినాయకుడి లడ్డూ పాట చూసినవాళ్ళకి ఈబే వింతగా ఉంటుంది. ఇక్కడ "ఒకటోసారి, రెండోసారి" అన్నాక ఎవరైనా పెంచితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. 1994లో 450 రూపాయలు పలికిన బాలాపూర్ లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది ఇలా పెంచుకుంటూనే.

ఈబేలో టైమైపోతే పాట అయిపోయినట్టే. ముందే పాడితే అవతలివాడు పెంచుకుంటూ పోతాడు, చివర్లో పాడితే వాడికి టైముండదు. ఇదేం కొత్త కాదు లెండి. 17వ శతాబ్దపు లండన్‌లో అంగుళం కొవ్వొత్తి ఆరేలోపు చివరగా పాడినవాడిదే ఓడ. ఆరేటప్పుడు పొగ కిందికి దిగుతుందని కనిపెట్టి సరిగ్గా అప్పుడే అరిచేవాడొకడి గురించి శామ్యూల్ పెపిస్ 1662లో డైరీలో రాసుకున్నాడు. అప్పటి స్నైపింగ్ సాఫ్ట్‌వేర్ అన్నమాట!

1999లో అమెజాన్ పెట్టిన వేలాల్లో మాత్రం ఆఖర్న ఎవరైనా పాడితే పది నిమిషాలు పొడిగించేవారు. అచ్చం మా లడ్డూ పాటే. రాత్, ఆకెన్‌ఫెల్స్ 2002లో రెంటినీ పోల్చి చూపించారు: చివరి నిమిషం పాటలు ఈబేలోనే చాలా ఎక్కువ. నన్నడిగితే తప్పు మనుషులది కాదు, రూలుది.

2016లో ఈ-నామ్ వచ్చాక మార్కెట్ యార్డుల్లో పాట కూడా స్క్రీనెక్కింది. మిర్చి రైతుకిది సరదా సంగతి కాదు. పెంచేవాడు ఇంకా ఉండగానే పాట మూసేస్తే, ఆ తేడా పోయేది రైతు జేబులోంచే.