వేసవి శిబిరములు – వాటిని నడిపిన చేతులు

శతవార్షికోత్సవ వేళ గుడులు కట్టించిన వారిని, బడులు పెట్టిన వారిని తలంచుకొనుట మనకు వాడుక. అది న్యాయమే. అయితే వేసవి సెలవులలో మన పిల్లలను వారము పది దినములు చేరదీసి పాటలు, ఆటలు, పాఠములు నేర్పిన యౌవనస్థులను గూర్చి వ్రాసినవారు తక్కువ. వారి పని ఎక్కడ మొదలై ఎట్లు క్రమమునకు వచ్చెనో ఈ నాలుగు మాటలలో జ్ఞాపకము చేసికొందము.

1861లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రములో ఫ్రెడరిక్ గన్ అను ఉపాధ్యాయుడు తన బడి పిల్లలను సుమారు 40 మైళ్లు నడిపించి, సముద్రతీరమున గుడారములలో ఉంచెను. 1885లో వై.ఎం.సి.ఏ. సేవలో నున్న సమ్నర్ డడ్లీ 7గురు బాలురను న్యూయార్కు రాష్ట్రములోని ఆరెంజ్ సరస్సు ఒడ్డునకు తీసికొనిపోయెను. ఆయన పేరిట ఆ శిబిరము నేటికిని సాగుచున్నది. ఏడుగురు పిల్లలకు ఒక పెద్ద చాలును. డెబ్బది మంది వచ్చినప్పుడేమి చేయవలెను? చిక్కు అక్కడనే యున్నది.

ఈ చిక్కును ముందుగా గ్రహించినవారు సండేస్కూలు పెద్దలే. 1874లో జాన్ విన్సెంట్, లూయీ మిల్లర్ అను మెథడిస్టులు షటాక్వా సరస్సు తీరమున సండేస్కూలు ఉపాధ్యాయుల తర్ఫీదు కొరకు వేసవి కూటమును పెట్టిరి. పిల్లలకు కాదు, పిల్లలకు నేర్పువారికి! 1901లో రాబర్ట్ బోవిల్ న్యూయార్కు నగరములో సెలవు దినముల బైబిలు బడులు తెరచినప్పుడు, సెలవులలో ఖాళీగానున్న విద్యార్థులను బోధకులుగా కూర్చుకొనెను. నేడు మనము వి.బి.ఎస్. అనుచున్నది ఆ త్రోవను వచ్చినదే.

1907 ఆగస్టులో ఇంగ్లాండునందలి బ్రౌన్సీ దీవిలో బేడెన్ పవెల్ ఒక ప్రయోగము చేసెను. ధనవంతుల బడుల పిల్లలను, సామాన్యుల పిల్లలను కలిపి 20 మందిని నాలుగు దళములుగా విభజించి, ఒక్కొక్క దళమును ఆ పిల్లలలోనే ఒక పెద్దవాని చేతికి అప్పగించెను. ఎవరి పిల్లలెవరో ప్రతి నాయకునికి తెలియును. ఆ ఏర్పాటులోని బలమంతయు ఇదే.

దీని విలువ మేము కష్టపడి నేర్చుకొంటిమి. ఒక వేసవిలో మేము నడిపిన శిబిరమునకు సహాయకులను చివరి శనివారమున చేర్చుకొంటిమి. అందరును ఉత్సాహవంతులే, అందరును అన్ని పనులు చేయువారే. రెండవ రాత్రి ఒక చిన్నవానికి జ్వరము వచ్చెను. వాడు తెల్లవారువరకు గోడ ప్రక్కను ముడుచుకొని పడియుండెను. ఇరువది మంది పెద్దలున్నను వాడు ఎవరి బాధ్యతయు కాకపోయెను. దేవుని కృపవలన వాడు కోలుకొనెను గాని, వాని తల్లి ముఖము చూచుటకు మాకు ధైర్యము చాలలేదు.

ఉత్సాహము వేరు, తర్ఫీదు వేరు. 1919లో లండను దగ్గర గిల్వెల్ పార్కులో స్కౌటు నాయకులకు మొదటి శిక్షణ జరిగినప్పుడు, పెద్దలనే దళములుగా చేసి, పిల్లలవలె గుడారములలో ఉంచిరి. తాను వండుకొని తినినవాడే పిల్లవాని ఆకలి ఎరుగును గదా! మన తెలుగు నేలమీదను ఈ బుద్ధి కొత్తది కాదు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన అజరయ్య గారు అంతకు ముందు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా యువకులతో పనిచేసినవారు. గ్రామములకు పంపబడు ఉపదేశకుల తర్ఫీదును వారు ఎన్నడును తేలికగా తీసికొనలేదు.

కావున రాబోవు తరమునకు మా మనవి ఇది. సహాయకులను క్రిస్మసు పండుగ కాగానే ఏర్పరచుకొనుడు. అనుభవముగల ఒకరికి క్రొత్తవారినొకరిని జతచేయుడు. మన ప్రభువును శిష్యులను ఇద్దరిద్దరినిగా పంపెను గదా. ఒక్కొక్క జతకు ఎనిమిది మంది పిల్లలను పేరుపేరున అప్పగించుడు. పిల్లలు పండుకొనిన తరువాత అరగంట కూర్చుండి, ఆ దినము ఎవరు నవ్వలేదో, ఎవరు తినలేదో చెప్పుకొనుడు. కొందరు వంటకు, కొందరు పాటకు తగినవారు. ఎవరి వరము వారిది. పాఠము చెప్పలేని వానిని చిన్నచూపు చూడవద్దు. రాత్రి లాంతరు పట్టుకొని పిల్లలను లెక్కించువాడును ఉపదేశకుడే.

గుడి గోడలకు రాళ్లు పేర్చినవారి పేర్లు పలకమీద నున్నవి. ఈ లాంతరు పట్టినవారి పేర్లు, నాటి పిల్లలమైన మన జ్ఞాపకములలో నున్నవి. వారికి మా వందనములు.