పాస్‌పోర్టు వాడకం – రక్షణ హోదా రద్దు (ఉత్తర తెలంగాణ నేపథ్యం)

స్వదేశంలో ప్రాణభయం ఉందని మరో దేశంలో తలదాచుకున్న శరణార్థి, తర్వాత అదే స్వదేశం నుంచి పాస్‌పోర్టు తీసుకున్నా, పాతదాన్ని రెన్యువల్ చేయించుకున్నా, దాని మీద ప్రయాణించినా ఆశ్రయమిచ్చిన దేశం అతని రక్షణ హోదాను రద్దు చేసే అవకాశం ఉంది. పాస్‌పోర్టు ఇచ్చిన ప్రభుత్వం ఆ వ్యక్తిని తన పౌరుడిగా గుర్తిస్తుంది, విదేశాల్లో అతనికి అండగా ఉంటానని చెబుతుంది. దాన్ని చేతపట్టుకున్నవాడు ఆ అండను ఒప్పుకున్నట్టేనని చట్టం భావిస్తుంది. భారతదేశంలో ఇదే తర్కం శరణార్థుల కంటే ఎక్కువగా పౌరసత్వ వివాదాల్లో కనిపిస్తుంది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని వేములవాడ కేసు అందుకు తెలుగునాట అందరికీ తెలిసిన ఉదాహరణ. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని కాగజ్‌నగర్ ప్రాంతంలో స్థిరపడిన బెంగాలీ కాందిశీకుల చరిత్ర ఈ విషయానికి మరో కోణం.

అంతర్జాతీయ చట్టం

దేశం కోల్పోయిన రష్యన్ శరణార్థుల కోసం 1922లో నాన్సెన్ పాస్‌పోర్టు మొదలైంది. స్వదేశం పత్రం ఇవ్వని మనిషికి ప్రపంచం కలిసి ఒక పత్రం ఇవ్వడం అప్పటి నుంచే ఆనవాయితీ అయింది. 1951 నాటి శరణార్థుల ఒప్పందం దాన్ని హక్కుగా మార్చింది. ఒప్పందంలోని 28వ అధికరణం ప్రకారం, చట్టబద్ధంగా నివసిస్తున్న శరణార్థికి ఆశ్రయమిచ్చిన దేశమే ప్రయాణ పత్రం ఇవ్వాలి. అదే ఒప్పందంలోని 1సి(1) అధికరణం, స్వదేశపు రక్షణను తనంతట తానుగా మళ్లీ స్వీకరించిన వ్యక్తి శరణార్థిగా కొనసాగడని చెబుతుంది.

ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 1979లో వెలువరించిన మార్గదర్శక పుస్తకం ఈ నిబంధనకు మూడు షరతులు పెట్టింది. మొదటిది, ఆ పని బలవంతంగా కాక స్వచ్ఛందంగా జరగాలి. రెండోది, స్వదేశపు రక్షణ పొందాలన్న ఉద్దేశం ఉండాలి. మూడోది, ఆ రక్షణ నిజంగా దక్కాలి. పాస్‌పోర్టు తీసుకున్నా, రెన్యువల్ చేయించుకున్నా ఉద్దేశం ఉన్నట్టుగానే లెక్కిస్తారు. అయితే అది తిరుగులేని నిర్ధారణ కాదు, శరణార్థి దాన్ని ఖండించవచ్చు. జనన ధ్రువపత్రం, వివాహ ధ్రువపత్రం వంటివి తెప్పించుకుంటే హోదాకు భంగం రాదు. ఆశ్రయమిచ్చిన దేశపు ప్రయాణ పత్రంతో వెళ్లి మంచాన పడిన తల్లిదండ్రులను చూసి రావడాన్నీ, సెలవుల కోసమో వ్యాపారం కోసమో తరచూ వెళ్లి రావడాన్నీ ఒకే గాటన కట్టకూడదని కూడా ఆ పుస్తకం స్పష్టం చేసింది.

ఆచరణలో దేశాల తీరు ఒకేలా లేదు. జర్మనీ ఆశ్రయ చట్టం, స్వదేశ పాస్‌పోర్టును స్వచ్ఛందంగా తీసుకుంటే హోదా దానంతటదే ముగిసిపోతుందని చాలాకాలం పేర్కొంది. కెనడాలో 2012 డిసెంబరు నుంచి నిబంధనలు కఠినమయ్యాయి. ఈ కారణంతో రక్షణ పోయినవారికి శాశ్వత నివాస హక్కు కూడా పోతోంది. అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు 2022లో కామాయో కేసులో మనిషి పరిస్థితిని లోతుగా చూడాలని నిర్దేశించింది. పాస్‌పోర్టు వాడితే హోదా పోతుందని ఆ వ్యక్తికి తెలుసా, ఎందుకు ప్రయాణించారు, అక్కడ ఎలాంటి జాగ్రత్తలు తీసుకున్నారు, భయపెట్టినది ప్రభుత్వమా లేక వేరే ముఠాలా అన్నవి తేల్చకుండా హోదా తీసేయరాదన్నది ఆ తీర్పు సారాంశం.

భారత చట్టం

భారతదేశం 1951 ఒప్పందంపై సంతకం చేయలేదు. శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. పౌరసత్వం విషయంలో మాత్రం పాస్‌పోర్టుకు ఇక్కడ మొదటి నుంచీ గట్టి విలువ ఉంది. రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, స్వచ్ఛందంగా విదేశీ పౌరసత్వం పొందినవారు భారత పౌరులుగా ఉండరు. 1956 నాటి పౌరసత్వ నియమాల మూడో షెడ్యూలు ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒక వ్యక్తి ఫలానా తేదీన విదేశీ పాస్‌పోర్టు పొందాడంటే, అప్పటికే ఆ దేశపు పౌరసత్వాన్ని స్వచ్ఛందంగా తీసుకున్నాడనడానికి అదే తిరుగులేని రుజువని ప్రకటించింది.

ఈ నియమం దెబ్బ ప్రధానంగా దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి తిరిగివచ్చిన ముస్లిం కుటుంబాల మీద పడింది. 1952 అక్టోబరులో భారత్, పాకిస్తాన్ మధ్య పాస్‌పోర్టు విధానం అమల్లోకి వచ్చింది. దాంతో బంధువులను చూడటానికి వెళ్లినవారు కూడా పాకిస్తాన్ పాస్‌పోర్టు మీద తిరిగివచ్చి, వీసా గడువు దాటగానే విదేశీయులుగా కేసుల్లో చిక్కుకున్నారు. 1948 పోలీసు చర్య తర్వాత పాత హైదరాబాద్ రాష్ట్రం నుంచి కూడా కొన్ని కుటుంబాలు సరిహద్దు దాటాయి. కరీంనగర్, ఆదిలాబాద్ అప్పట్లో ఆ రాష్ట్రపు జిల్లాలే.

ఇజార్ అహ్మద్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు 1962లో ఈ నియమం చెల్లుతుందని తేల్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పీలుదారుగా వచ్చిన మరో కేసులో కోర్టు ముఖ్యమైన వివరణ ఇచ్చింది. పాస్‌పోర్టు దొరికిందన్న ఒక్క కారణంతో పోలీసులో, రాష్ట్ర ప్రభుత్వమో మనిషిని పరదేశిగా ముద్ర వేసి పంపించేయడానికి వీల్లేదు. పౌరసత్వం పోయిందా లేదా అన్నది ముందుగా కేంద్ర ప్రభుత్వం తేల్చాలి. 1965లో మహమ్మద్ అయూబ్ ఖాన్ కేసులో కోర్టు ఇంకో మాట చేర్చింది. బలవంతం వల్లనో, మోసం వల్లనో పాస్‌పోర్టు తీసుకోవలసి వచ్చిందని ఎవరైనా చెబితే, ఆ మాట నిరూపించుకునే అవకాశం వారికి ఇచ్చి తీరాలి. శరణార్థుల సంస్థ 1979లో పెట్టిన ‘స్వచ్ఛందం’ అనే షరతు మన సుప్రీంకోర్టు తీర్పుల్లో అంతకు ముందే ఉండటం గమనించదగ్గ విషయం.

కాగజ్‌నగర్ కాందిశీకులు

తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ హిందూ కుటుంబాలకు కాగజ్‌నగర్ పరిసరాల్లో పునరావాసం కల్పించారు. ఈస్‌గాం, నజ్రుల్‌నగర్, రవీంద్రనగర్ వంటి ఊళ్లలో ఆ కుటుంబాల వారసులు నేటికీ ఉన్నారు. ఈ ప్రాంతం ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. ఇద్దరు బెంగాలీ కవుల పేర్లు తెలంగాణ అడవి అంచున ఊళ్ల పేర్లుగా నిలవడం ఆ వలస మిగిల్చిన గుర్తు.

తూర్పు బెంగాల్ నుంచి వలస వచ్చేవారికి ఢాకాలోని భారత డిప్యూటీ హైకమిషన్ కార్యాలయం మైగ్రేషన్ సర్టిఫికెట్లు ఇచ్చేది. పాకిస్తాన్ పాస్‌పోర్టు లేకుండానే భారత్‌కు వచ్చి స్థిరపడటానికి అది దారి చూపింది. పారిపోయి వస్తున్న మనిషి, ఏ ప్రభుత్వం నుంచి పారిపోతున్నాడో దాన్నే పాస్‌పోర్టు అడుక్కోవలసిన దుస్థితిని ఆ పత్రం తప్పించింది. 1951 ఒప్పందంలో చేరకపోయినా, ఆ ఒప్పందంలోని ప్రయాణ పత్రం చేసే మేలులో కొంత భారత్ ఈ విధంగా చేసినట్లయింది.

2019 పౌరసత్వ సవరణ చట్టం కింద 2024 మార్చి 11న వెలువడిన నియమాలు దీనికి భిన్నమైన దారి పట్టాయి. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31లోగా వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ, క్రైస్తవ దరఖాస్తుదారులు ఆయా దేశాల మూలాలకు రుజువుగా గడువు తీరిన పాస్‌పోర్టును కూడా చూపవచ్చు. మరో దేశంలో హోదాకు ముప్పు తెచ్చే పత్రమే ఇక్కడ పౌరసత్వానికి ఆధారమైంది.

వేములవాడ కేసు

ఇది శరణార్థి కేసు కాదు, పౌరసత్వ కేసు. అయినా పాస్‌పోర్టు వాడకం సాక్ష్యంగా ఎలా నిలుస్తుందో తెలుసుకోవడానికి దీన్ని మించిన స్థానిక ఉదాహరణ లేదు. కమ్యూనిస్టు నాయకుడు చెన్నమనేని రాజేశ్వరరావు కుమారుడు రమేష్ జర్మనీలో స్థిరపడి 1993లో అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. 2008 మార్చి 31న భారత పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోగా, 2009 ఫిబ్రవరి 3న మంజూరైంది. ఆ ఏడాదే తెలుగుదేశం అభ్యర్థిగా వేములవాడ నుంచి గెలిచారు. తర్వాత తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరి 2010 ఉప ఎన్నికలో, 2014లో, 2018లో విజయం సాధించారు.

ఆయనపై పోటీ చేసిన ఆది శ్రీనివాస్ 2009లోనే ఫిర్యాదు చేశారు. దరఖాస్తుకు ముందు ఏడాదిపాటు భారత్‌లో ఉండాలన్న షరతు నెరవేరలేదన్నది ఆ ఫిర్యాదు. ఆ ఏడాదిలో రమేష్ దేశంలో ఉన్నది 96 రోజులేనని తేలింది. కేంద్ర హోంశాఖ 2017 ఆగస్టు 31న పౌరసత్వాన్ని రద్దు చేసింది. పౌరసత్వం తీసేయడం ప్రజాహితమా కాదా అన్నది చూడలేదంటూ హైకోర్టు 2019 జులైలో ఆ ఉత్తర్వును తోసిపుచ్చి మళ్లీ పరిశీలించమంది. హోంశాఖ 2019 నవంబరు 20న తిరిగి రద్దు చేసింది. దానిమీద కోర్టు స్టే ఇచ్చింది.

తర్వాతి విచారణలో ఆయన జర్మన్ పాస్‌పోర్టు మీద చేసిన ప్రయాణం చర్చకు వచ్చింది. భారత్‌లో శాసనసభ్యుడిగా ఉంటూ జర్మన్ పౌరుడి హోదాలో విమానమెక్కారని కేంద్రం వాదించింది. జర్మన్ పౌరసత్వం వదులుకున్నట్టు ఆ దేశ రాయబార కార్యాలయం నుంచి పత్రం తేలేకపోయారని కోర్టు పేర్కొంది. 2024 డిసెంబరు 9న జస్టిస్ బి. విజయ్‌సేన్ రెడ్డి పిటిషన్ కొట్టివేసి 30 లక్షల రూపాయల ఖర్చులు విధించారు. అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు, 5 లక్షలు న్యాయసేవల సంస్థకు చెల్లించాలన్నారు. అంతకు ఏడాది ముందే, 2023 ఎన్నికల్లో, ఆది శ్రీనివాస్ వేములవాడ శాసనసభ్యుడయ్యారు.

ప్రాధాన్యం

శాసనసభ్యుడికి న్యాయవాదులు ఉంటారు. స్టే తెచ్చుకోవడానికీ, ఏళ్ల తరబడి వాదించడానికీ స్తోమత ఉంటుంది. తల్లి చావుబతుకుల్లో ఉందని విని పాత పాస్‌పోర్టు పట్టుకుని బయల్దేరిన శరణార్థికి ఇవేవీ ఉండవు. అందుకే పాస్‌పోర్టు వాడకాన్ని సాక్ష్యంగా తీసుకోవడం సబబే గాని, దాన్నే తీర్పుగా మార్చడం అన్యాయం. ఎందుకు వాడావని అడిగి, జవాబు విన్నాకే హోదా గురించి నిర్ణయించాలి. 1965 సుప్రీంకోర్టు తీర్పులోనూ, 2022 కెనడా తీర్పులోనూ ఉన్న న్యాయం ఇదే.

ఉత్తర తెలంగాణ నుంచి విదేశాలకు వెళ్లినవారికీ ఇందులో హెచ్చరిక ఉంది. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు భారత పాస్‌పోర్టును సరెండర్ చేయాలి, దాని మీద ప్రయాణించకూడదు. విదేశాల్లో ఆశ్రయం కోరినవారు స్వదేశ పాస్‌పోర్టును రెన్యువల్ చేయించుకునే ముందు, దాని మీద టికెట్ కొనే ముందు తప్పనిసరిగా న్యాయ సలహా తీసుకోవాలి, ఆశ్రయమిచ్చిన దేశపు ప్రయాణ పత్రానికి దరఖాస్తు చేసుకోవాలి.