ఒకే బొమ్మ, రెండు భాషలు

అంతర్జాలంలో బొమ్మ నడుమ ఆగి చక్రం తిరుగుతూంటే విసుగుకోని వారుండరు. అయితే ఈ జాలం మన ఇండ్లకు రాకమునుపే తెలుగు పల్లెలకు దృశ్యశ్రవణ పాఠాలు ఆకాశమార్గాన వచ్చిన సంగతి నేడు తలచేవారు అరుదు.

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు 'సైట్' అనే ఉపగ్రహ బోధనా ప్రయోగం జరిగింది. నాసావారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఇస్రో ఏడాదిపాటు వాడుకొన్నది. ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలను ఎన్నుకొన్నారు. వాటిలో నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. మన హైదరాబాదులో కార్యక్రమాల నిర్మాణకేంద్రం ఒకటి వెలసింది. గ్రామాలలో సుమారు 3 మీటర్ల వ్యాసం గల తీగవల యాంటెనాలు నిలిపారు. ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు ప్రసారం. బొమ్మ ఒకటే, ధ్వనిమార్గాలు రెండు: అదే దృశ్యాన్ని ఇక్కడివారు తెలుగులోను, కర్ణాటకంవారు కన్నడంలోను వినేవారు.

ఆ మార్గం ప్రసారానికే ప్రత్యేకించినది. పది ఊళ్లు చూసినా, రెండువేల ఊళ్లు చూసినా ఆకాశంలో రద్దీ పెరగదు. అంతర్జాలపు తీరు వేరు. అక్కడ బొమ్మా, మాటా చిన్నచిన్న పొట్లాలై, ఉత్తరాలతోను, లెక్కలతోను కలిసి ఒకే బాటన నడుస్తాయి. ఏ పొట్లం ఎప్పుడు చేరుతుందన్న హామీ లేదు. ఉత్తరం రెండు క్షణాలు ఆలస్యమైతే నష్టం లేదు. మాట ఆలస్యమైతే అర్థమే చెడుతుంది.

దీనికి మందుగా 1994లో ప్రతి ప్రవాహానికీ ముందుగా దారి కేటాయించే పద్ధతిని ప్రతిపాదించారు. ప్రతి కూడలియంత్రమూ ప్రతి ప్రవాహాన్నీ గుర్తుంచుకోవలసి రావడంతో అది విశాలజాలానికి భారమైంది. 1998లో పొట్లాలపై తరగతి ముద్ర వేసే పద్ధతి వచ్చింది. ఒక సంస్థ జాలంలో అది చెల్లుతుంది. సంస్థ పొలిమేర దాటాక ఆ ముద్రను మన్నించాలన్న నియమం లేదు. చివరకు వీడియోలకు ఉపాయం గ్రాహకుని వైపునే దొరికింది: కొంత ముందే నిలువచేసుకోవడం, బాట ఇరుకైతే మసకబొమ్మతో సరిపెట్టుకోవడం. కానీ గురుశిష్యుల ముఖాముఖి సంభాషణకు ముందే నిలువచేయడం కుదరదు.

2020లో కరోనా బడులు మూయించినప్పుడు ఈ చరిత్ర మళ్లీ ఎదురైంది. విద్యానగర్ వంటి నగరపు పేటలలో తీగ గల ఇండ్లకు జాలం ద్వారా తరగతులు అందాయి. తీగ లేని పిల్లలను ఏమి చేయాలి? సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో పాఠాలు మొదలుపెట్టింది. నలభైయైదేళ్ల తరువాత మరల ఉపగ్రహమే దిక్కైంది!

అయితే ఆకాశపాఠం అందరికీ అందినా, పిల్లవాడు చేయెత్తి ప్రశ్నించలేడు. జాలపాఠంలో ప్రశ్నించగలడు గాని తీగ ఉంటేనే. సేవానాణ్యతను క్షణాలలోను, పొట్లాలలోను కొలిచేవారు కొలవనీ. ఉపాధ్యాయుని కొలత ఒక్కటే: చివరి పల్లెలోని పిల్లకు పాఠం తన భాషలో వినబడిందా, ఆమె ప్రశ్న తిరిగి గురువును చేరిందా? సైట్ మొదటి సగాన్ని తీర్చింది. రెండవ సగం ఇంకా మన బాకీయే.